ఐఎన్2 ఇన్‌ఫ్యూజన్ ఎపాక్సీ: రేసింగ్ పడవ హల్‌కి పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ స్లో హార్డెనర్‌తో (రెసిన్‌లో కలిపితే దాన్ని నెమ్మదిగా గట్టిపరిచే ద్రవం) మాత్రమే. ఇన్‌ఫ్యూజన్ అంటే పొడి బట్టని మోల్డ్‌లో పరిచి, పైన ప్లాస్టిక్ బ్యాగ్ కప్పి, పంపుతో గాలి లాగి, ఆ ఖాళీలోకి రెసిన్‌ని పారించడం. హల్ అంటే పడవ మొండెం. గది చల్లగా ఉండాలి, బ్యాగ్‌లో లీక్ ఉండకూడదు. ఈ రెండూ లేకపోతే ఇదే కాదు, దీనికి రెండింతల ధర పెట్టి కొన్న రెసిన్ కూడా హల్‌ని కాపాడలేదు. ఇన్‌ఫ్యూజన్‌లో పాడైన పడవల్లో రెసిన్ నాణ్యత వల్ల పాడైనవి చాలా తక్కువ.

ఐఎన్2 ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌కి చెందిన ఈజీ కాంపోజిట్స్ అమ్మే ఎపాక్సీ. పెద్ద యార్డుల కోసం కాకుండా, షెడ్డులో ఒకటీ రెండూ పడవలు కట్టుకునేవాళ్లకీ, కాలేజీ జట్లకీ, చిన్న వర్క్‌షాపులకీ అందేలా చిన్న ప్యాకుల్లో కూడా దొరుకుతుంది. ఐదు మీటర్ల లోపు స్కిఫ్, ఫాయిలింగ్ డింగీ, చిన్న కాటమరాన్ హల్ లాంటివాటిని లెక్కలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాం: బయట కార్బన్, మధ్యలో ఫోమ్, లోపల కార్బన్, అన్నీ ఒకే షాట్‌లో, అంటే ఒకేసారి రెసిన్ పోసి.

చేత్తో పూసే ఎపాక్సీకీ దీనికీ తేడా చిక్కదనంలో ఉంది. వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్‌ని 205 హార్డెనర్‌తో కలిపితే గది వేడిలో చిక్కదనం 1000 సెంటీపాయిజ్ దగ్గర ఉంటుంది. బ్రష్‌కీ రోలర్‌కీ అది బాగానే ఉంటుంది. నిలువు గోడ మీద నుంచి జారిపోదు కూడా. కానీ బ్యాగ్ కింద నొక్కుకుపోయిన కార్బన్ పొరల్లోకి అది ఒక అడుగు కూడా సరిగ్గా పాకదు. కలిపిన ఐఎన్2 200 నుంచి 450 మధ్య ఉంటుంది. పారే తీరులో ఫిర్యాదు చేయడానికేమీ లేదు. చదరపు మీటరుకి 300 గ్రాముల బయాక్స్ (రెండు దిశల్లో పోగులున్న) కార్బన్‌నీ, 200 గ్రాముల ట్విల్ నేత కార్బన్‌నీ బాగా తడుపుతుంది.

నిష్పత్తి బరువులో 100కి 30. రెండు కిలోల రెసిన్‌కి 600 గ్రాముల హార్డెనర్. ఇది బరువు లెక్కే, కప్పు లెక్క కాదు. హార్డెనర్ సాంద్రత రెసిన్ కంటే తక్కువ కాబట్టి 100కి 30 అని కప్పుతో కొలిస్తే హార్డెనర్ చాలదు. హల్ పైకి గట్టిపడినట్టు కనిపించినా ఎండలో మెత్తబడుతుంది. ఒక గ్రాము వరకు చూపించే తూకం తప్పనిసరి. మన తీరంలో మత్స్యకారుల ఫైబర్ బోట్లు కట్టే చేతులకి ఇక్కడ ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. పాలిస్టర్ రెసిన్‌లో కేటలిస్ట్ కొంచెం పెంచితే త్వరగా పడుతుంది, తగ్గిస్తే ఆలస్యంగా పడుతుంది. ఎపాక్సీలో అలా కుదరదు. హార్డెనర్ ఇక్కడ రెసిన్‌తో కలిసి ప్లాస్టిక్‌లో భాగమైపోతుంది. ఎక్కువైనా తక్కువైనా కలవకుండా మిగిలినది మిగిలినట్టే ఉండి బలం తగ్గిస్తుంది. వేగం మార్చాలంటే హార్డెనర్ రకాన్నే మార్చాలి.

అలా మార్చడానికి ఇక్కడున్నవి రెండు రకాలే, ఏటీ30 ఫాస్ట్, ఏటీ30 స్లో. ఫాస్ట్‌కి 25 డిగ్రీల దగ్గర పది నిమిషాల చుట్టూ పాట్ లైఫ్ (కలిపాక పాత్రలో గట్టిపడేలోపు ఉండే సమయం) ఉంటుంది. అరచేతంత ముక్కలకి, డాగర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీటిలోకి దించే పలక) కేస్ తలల్లాంటి చిన్నవాటికి సరే, హల్ దగ్గరికి దాన్ని తేనే తేవద్దు. స్లోకి అదే వేడిలో గంటన్నర చుట్టూ సమయం ఉంది. రెండింటి నిష్పత్తీ ఒకటే కాబట్టి రెండు హార్డెనర్లనీ కలిపి మధ్యస్థ వేగం తెచ్చుకోవచ్చు. ఇది మంచి సౌకర్యం. అయితే మనకి కావాల్సింది స్లో కన్నా స్లో. అది లేదు. దీని అసలు లోటు అదే.

ఎందుకంటే ఎపాక్సీకి ప్రతి పది డిగ్రీల వేడికీ పని సమయం దాదాపు సగమవుతుంది. స్టోక్‌లో 20 డిగ్రీల గదిలో హాయిగా సాగే పని విశాఖలో మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల రేకుల షెడ్డులో ముప్పావు గంటకే ముగిసిపోవాలి. వేడికి చిక్కదనం తగ్గి రెసిన్ వేగంగా పారుతుంది కాబట్టి కొంత సర్దుబాటవుతుంది, నిజమే. కానీ బకెట్‌లో ఆగి ఉన్న రెసిన్‌కి ఆ సర్దుబాటు లేదు. పాట్ లైఫ్ అంకెలు చిన్న పరిమాణానికి చెప్పేవి. ఐదు కిలోలు లోతైన బకెట్‌లో కలిపి పెడితే లోపలి వేడి బయటికి పోయే దారి లేక దానికదే వేడెక్కి, ఇంకా త్వరగా గట్టిపడి, మరింత వేడెక్కుతుంది. పొగ మొదలయ్యాక చేయగలిగింది ఒక్కటే. బకెట్‌ని బయట నేల మీదికి తీసుకుపోయి, పొగ పీల్చకుండా దూరంగా నిలబడడం.

అందుకే మన వాతావరణంలో పని వేళ తెల్లవారుజాము. రెసిన్ డబ్బాలు ముందురోజు రాత్రి ఏసీ గదిలో 22–24 డిగ్రీల దగ్గర ఉంచాలి. మోల్డ్ కూడా చల్లగా ఉండాలి, రెసిన్ ఒక్కటే చల్లగా ఉంటే చాలదు. అలాగని మరీ చల్లబరచకూడదు. 15 డిగ్రీల రెసిన్ పాకడానికి బద్ధకిస్తుంది. పైగా చల్లటి డబ్బా మూత తేమ గాలిలో తీస్తే లోపల నీటి ఆవిరి పేరుకుంటుంది. డబ్బా గది వేడికి వచ్చాకే మూత తీయాలి.

ఎంత రెసిన్ కావాలి? దుకాణం సైట్లలో కనిపించే లెక్కల యంత్రాలు ఫోమ్ సంగతి సరిగ్గా పట్టించుకోవు. ఒక ఉదాహరణ వేద్దాం. ఐదు మీటర్ల స్కిఫ్ హల్, తొమ్మిది చదరపు మీటర్లు. బయట 600, లోపల 400 గ్రాముల కార్బన్, మొత్తం చదరపు మీటరుకి ఒక కిలో, అంటే తొమ్మిది కిలోల బట్ట. మధ్యలో 10 మి.మీ. మందం, ఘన మీటరుకి 80 కిలోల సాంద్రత ఫోమ్. మంచి ఇన్‌ఫ్యూజన్‌లో బరువులో 60 శాతం కార్బన్, 40 శాతం రెసిన్ వస్తుంది. దానికి ఆరు కిలోలు. ఫోమ్ ముఖం మీద తెగిన సన్నటి గదుల్లో చేరే రెసిన్ చదరపు మీటరుకి ఒక్కో వైపు 200 గ్రాములనుకుంటే, రెండు వైపులా కలిపి 3.6 కిలోలు. ఇది ఫోమ్‌ని బట్టి చాలా మారుతుంది కాబట్టి ఒక అడుగు ముక్క మీద ముందుగా పోసి, తూచి చూసుకోవాలి. రెసిన్ అవతలి పొరకి చేరడానికి 20 మి.మీ. దూరంలో 2 మి.మీ. రంధ్రాలు పొడిస్తే చదరపు మీటరుకి 2500 రంధ్రాలు, వాటిలో దాదాపు 90 గ్రాములు. మొత్తం 0.8 కిలో. ఇవి పడవలో ఉండిపోయేవి, 10.4 కిలోలు.

ఇక పారేసేవి. ఫ్లో మెష్ (రెసిన్‌ని పారించే ప్లాస్టిక్ వల), పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచేసే బట్ట) కలిసి చదరపు మీటరుకి 600 గ్రాముల రెసిన్ తాగుతాయి. 7.2 చదరపు మీటర్ల మెష్‌కి 4.3 కిలోలు. 12 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబు, స్పైరల్ కలిపి పది మీటర్లకి 1.3 కిలోలు. మొత్తం 16. దాని మీద 15 శాతం జాగ్రత్త కోసం వేస్తే 18.4 కిలోలు. రెండు కిలోల రెసిన్, 600 గ్రాముల హార్డెనర్ చొప్పున ఏడు విడతలు తూచుకుంటే 18.2 కిలోలు వస్తాయి, సరిపోతుంది. కొన్న రెసిన్‌లో మూడో వంతుకి పైగా చెత్తబుట్టలోకే పోతుందని ముందే తెలిస్తే ధర చూసి గుండె ఆగదు.

ఇక్కడే ఒక తీర్పు. ఫోమ్‌లో గాడులు వద్దు. 2 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. లోతు గాడులు 20 మి.మీ. దూరంలో ఒక్క దిశలో కోసినా చదరపు మీటరుకి 200 ఘన సెం.మీ. ఖాళీ వస్తుంది. తొమ్మిది చదరపు మీటర్లకి రెండు కిలోల రెసిన్ అదనం, అదీ జీవితాంతం పడవతోనే తిరుగుతుంది. పది కిలోల బరువు తగ్గించడానికి కార్బన్ కొన్నవాళ్లు రెండు కిలోలు గాడుల్లో పోయడం ఏం లెక్క? పైగా గాడుల గీతలు కొన్నాళ్లకి పెయింట్ మీద తేలతాయి. రంధ్రాలు చాలు, పైన మెష్ ఉంటే చాలు. గాడుల ఫోమ్ గ్లాస్ ఫైబర్ క్రూయిజర్‌కి పెట్టుకోండి.

ఫోమ్ రకానికి వస్తే, శాన్ ఫోమ్ అయిన గురిట్ కోర్‌సెల్ ఎం, పీవీసీ ఫోమ్ అయిన డివినిసెల్ హెచ్, రెండూ ఐఎన్2తో సరిపడతాయి. హల్ అడుగున అలలు కొట్టే ముందు భాగానికి శాన్ మంచిది, విరిగే ముందు బాగా సాగుతుంది. చైన్‌ప్లేట్లు (మాస్ట్‌ని పట్టే తీగలు తగిలించే పట్టీలు), మాస్ట్ (తెరచాప స్తంభం) అడుగు, రడ్డర్ (చుక్కాని) బిగించే చోట 80 కిలోల ఫోమ్ ఉంచితే బోల్టు బిగించగానే నలుగుతుంది. అక్కడ 200 కిలోల సాంద్రత ముక్క గానీ పూర్తి లామినేట్ గానీ ముందే పెట్టాలి. ఫోమ్ ముక్కల మధ్య సందులు రాకూడదు. ఒక మి.మీ. సందు కూడా రెసిన్‌కి రహదారి అవుతుంది. రెసిన్ ఆ దారిన పరుగెత్తి చుట్టూ తిరిగి వచ్చి, మధ్యలో పొడి మచ్చని బంధించేస్తుంది. హల్స్‌లో కనిపించే పొడి మచ్చల్లో ఎక్కువ ఇలాంటివే. జనం మాత్రం రెసిన్ చిక్కగా ఉందని దాన్ని తిడతారు.

లేఅవుట్ సంగతి. దోమతెరలా ఉండే ప్లాస్టిక్ మెష్ పైపైన రెసిన్‌ని పారించి, అక్కణ్నుంచి కిందికి దించే పద్ధతికి బిల్ సీమన్ 1990లో అమెరికాలో పేటెంట్ పొందారు. స్క్రింప్ అనే పేరు అక్కడిదే. ఇప్పుడు షెడ్డుల్లో అందరూ చేసేది దాని రూపమే. మన ఉదాహరణ హల్‌లో చుట్టుకొలత సగటున 1.8 మీటర్లు. స్పైరల్ ట్యూబుని కీల్ (హల్ అడుగున నడిమి గీత) వెంట పొడుగునా ఒక్కటి వేసి, గాలి లాగే వ్యాక్యూమ్ లైన్‌ని రెండు పక్కలా ఫ్లాంజ్ (మోల్డ్ అంచున చదునైన పట్టీ) మీద పెడితే రెసిన్ ఒక్కో వైపు 0.9 మీటరు పాకితే చాలు. ఒక ఫ్లాంజ్ నుంచి ఇంకో ఫ్లాంజ్‌కి పారించాలనుకుంటే దూరం రెట్టింపు, సమయం నాలుగింతలు, ఎందుకంటే నిండే సమయం దూరం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. మొదటి పద్ధతిలో అరగంట లోపే నిండే హల్ రెండో పద్ధతిలో స్లో హార్డెనర్ గడువంతా తినేస్తుంది. పారుదల వేగం ఒత్తిడి తేడాకీ, బట్ట పారగమ్యతకీ పెరిగితే, చిక్కదనానికి తగ్గుతుంది. అందులో మన చేతిలో బాగా ఉన్నది దూరం ఒక్కటే.

మెష్‌ని వ్యాక్యూమ్ లైనుకి 60–80 మి.మీ. ముందే ఆపేయాలి. ఆ పట్టీలో రెసిన్ నెమ్మదించి, కింది పొర పై పొరని అందుకునే సమయం దొరుకుతుంది. ఆ పట్టీ లేకపోతే పై పొరలో రెసిన్ నేరుగా పంపు వైపు పోతుంది, మోల్డ్ వైపు పొర పొడిగా ఉండిపోతుంది. పడవ బయటి ముఖం అదే కదా! ఇక్కడ కొంచెం ఖర్చు పెట్టగలిగితే ఎంటీఐ గొట్టం కొనండి. గాలిని లాగుతుంది కానీ రెసిన్‌ని లాగని పొర దాని చుట్టూ ఉంటుంది కాబట్టి ఒక మూల ముందే నిండిపోయినా మిగతా చోట్ల గాలి బయటికి వస్తూనే ఉంటుంది. తొలి హల్ కట్టేవాళ్లకి రెసిన్ బ్రాండ్ మార్చడం కన్నా ఇదే ఎక్కువ సాయం చేస్తుంది.

పీల్ ప్లై, మెష్, ట్యూబు అన్నీ పరిచాక బ్యాగ్. ఫిల్మ్ మోల్డ్ కొలత కన్నా పాతిక శాతం పెద్దదిగా కోసి, లోపలి ప్రతి మూలకీ ఒక మడత వదలాలి. మూలలో ఫిల్మ్ బిగుసుకుపోతే అక్కడ బట్ట నొక్కుకోదు, ఖాళీ రెసిన్‌తో నిండి బరువైన పెళుసు గీతగా మిగులుతుంది. మోల్డ్ ఫ్లాంజ్ కనీసం 100 మి.మీ., కుదిరితే 150. గమ్ టేప్ అంటించే చోట వ్యాక్స్ పడకుండా ముందే మాస్కింగ్ టేప్ వేసి ఉంచాలి. మోల్డే లీకవుతుంటే ఎంత వెతికినా బ్యాగ్‌లో రంధ్రం దొరకదు. అందుకని బట్ట వేయకముందే ఉత్త మోల్డ్ మీద ఒకసారి బ్యాగ్ వేసి పరీక్షించడం తెలివైన పని.

లీక్ పరీక్ష మీద ఇంత రాస్తున్నది ఊరికే కాదు. పంపు ఆపి, వాల్వు మూసి, 15 నిమిషాలు వదలాలి. 10 మిల్లీబార్ల లోపు నుంచి మొదలై ఐదుకి మించి పెరగకపోతే పోయవచ్చు. పెరుగుతుంటే ఎలా పెరుగుతోందో చూడాలి. మొదట ఎక్కువగా పెరిగి తర్వాత నెమ్మదిస్తే అది తేమ, ఫోమ్‌లో బట్టలో ఉన్న నీరు ఆవిరవుతోంది. అదే వేగంతో పెరుగుతూ పోతే లీక్. తేమ సంగతి మన తీరంలో తేలిగ్గా తీసుకోరాదు. 30 డిగ్రీల దగ్గర నీరు 42 మిల్లీబార్లకే మరుగుతుంది, బ్యాగ్‌లో ఒత్తిడి దాని కన్నా చాలా కింద ఉంటుంది. రాత్రంతా పంపు నడిపి తేమని లాగేస్తే ఫలితం తేడా కళ్లకి కనిపిస్తుంది. కార్బన్ రోల్‌ని, ఫోమ్‌ని ప్లాస్టిక్‌లో చుట్టి పొడి గదిలో పెట్టుకోండి.

హైదరాబాద్‌లో చేసేవాళ్లకి ఇంకో చిక్కు. ఊరు సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి గాలి ఒత్తిడే 950 మిల్లీబార్ల చుట్టూ. ముల్లు గేజి ఎంత లాగినా మైనస్ 950 దాటదు. ఇంగ్లండ్ సూచనల కాగితంలో 1000 దగ్గరికి రావాలని ఉంటుంది, ఇక్కడ లేని లీక్ కోసం టేప్ అంతా పీకి మళ్లీ అంటిస్తారు. సంపూర్ణ ఒత్తిడిని చూపించే డిజిటల్ గేజి కొంటే ఈ గొడవ ఉండదు. నొక్కే బలం ఆ ఆరు శాతం తగ్గుతుంది, అది పెద్ద నష్టం కాదు.

పంపుకి ఏసీ మెకానిక్‌లు వాడే రెండు దశల రోటరీ పంపు చాలు, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అయితే పంపుకీ బ్యాగ్‌కీ మధ్య రెసిన్ క్యాచ్ పాట్ (పంపు వైపు వచ్చే రెసిన్‌ని ఆపే పాత్ర) లేకుండా నడపకూడదు. గంటల తరబడి నడిస్తే వేడెక్కుతుంది, నూనె చూసుకుంటూ ఉండాలి. కరెంటు పోతే నూనె వెనక్కి లాగకుండా వాల్వు మూసే మనిషి ఒకరు దగ్గర ఉండాలి. ఇన్వర్టర్ మోటారుని లాగగలదో లేదో ముందురోజే చూసుకోవాలి.

ఇప్పుడు రెసిన్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఏడు బకెట్లలో రెసిన్, ఏడు సీసాల్లో హార్డెనర్ ముందే తూచి వరసగా పెట్టుకోవాలి. మొదట మూడు విడతల్ని విడివిడిగా, గోడలూ అడుగూ గీకుతూ మూడు నిమిషాలు కలియబెట్టి, వేరే బకెట్‌లోకి మార్చి మళ్లీ ఒక నిమిషం. గోడకి అంటిన, కలవని రెసిన్ చివర్లో ట్యూబులోకి పోతే హల్‌లో ఎక్కడో ఒక జిగురు మచ్చగా మిగులుతుంది. డీగ్యాసింగ్ పాత్ర ఉంటే ఐదు నిమిషాలు గాలి తీసెయ్యండి. రెసిన్ నురగ లేచి మూడు నాలుగింతలవుతుంది, పాత్ర అంత పెద్దది ఉండాలి. డీగ్యాస్ చేయని రెసిన్‌తో కూడా హల్ వస్తుంది, కానీ పెయింట్ లేకుండా కార్బన్ కనిపించేలా వదలాలనుకుంటే సూది మొన రంధ్రాలు నింపుతూ వారాలు గడుస్తాయి.

పోసే బకెట్ వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. అడుగున నాలుగు వేళ్ల రెసిన్ మిగలగానే తర్వాతి విడత పోయాలి. ట్యూబు ఒక్కసారి గాలి పీలిస్తే ఆ బుడగ పొర లోపలికి పోయి స్థిరపడుతుంది, తీసే మార్గం లేదు. ట్యూబు చివర ఏటవాలుగా కోసి బకెట్ అడుగుకి టేపుతో కట్టేయండి.

రెసిన్ రెండు ఫ్లాంజ్‌లకీ చేరాక ఫీడ్ ట్యూబుని బిగించి మూసేయాలి. ఇది ఆలస్యం చేసేవాళ్లు ఎక్కువ. ఫీడ్ తెరిచి ఉన్నంతసేపు కీల్ దగ్గర లోపలి ఒత్తిడి బయటి గాలితో సమానంగా ఉంటుంది, అక్కడ బ్యాగ్ బట్టని నొక్కదు, పొర ఉబ్బి రెసిన్ ఎక్కువగా నిలుస్తుంది. అందుకే కొన్ని హల్స్‌లో కీల్ వెంట బరువు, అంచుల్లో పలచన. మూసేశాక ఆ అదనపు రెసిన్‌ని వ్యాక్యూమ్ వైపు నెమ్మదిగా లాగనివ్వాలి. గడ్డకట్టేదాకా పంపు నడవాలి, అప్పుడు మాత్రమే ఆపవచ్చు.

పోసిన 24 గంటలకి మోల్డ్ నుంచి తీయవచ్చని కాగితం అంటుంది. తీయకండి. మోల్డ్‌లో ఉంచే గంటకి పది డిగ్రీల చొప్పున 60 దాకా పెంచి, ఆరు నుంచి ఎనిమిది గంటలు నిలిపి, అంతే నెమ్మదిగా దించాలి. ఎపాక్సీ మెత్తబడే వేడి సాధారణంగా అది గట్టిపడిన వేడికి 15–20 డిగ్రీలకి మించి పైకి పోదు. గది వేడిలోనే వదిలేసిన నల్లటి కార్బన్ డెక్ మన ఎండలో 70 డిగ్రీలకి చేరితే ఏమవుతుందో ఊహించండి. బట్ట నేత అచ్చు పైకి తేలుతుంది, చదునైన చోట అల వస్తుంది. థర్మకోల్ షీట్లతో గుడారం కట్టి, వేడి గాలి హీటర్ పెట్టి, మోల్డ్ అంచుల్లో నాలుగు థర్మామీటర్లు పెట్టుకుంటే సరిపోతుంది. మోల్డ్ రెసిన్ ఆ వేడిని తట్టుకోగలదో లేదో ముందు చూసుకోవాలి, పాలిస్టర్ మోల్డ్‌లు ఈ పరీక్షలో వంగిపోతాయి. ఇలా వేడిపెట్టి పోస్ట్ క్యూర్ చేసిన ఐఎన్2 హల్ గట్టిగా, మోగేలా ఉంటుంది. ఇక్కడ దీనికి పూర్తి మార్కులు.

బయటి ముఖానికి జెల్‌కోట్ (మోల్డ్‌లో ముందుగా వేసే పై పూత) గురించి రెండు మాటలు. పాలిస్టర్ జెల్‌కోట్ మీద ఎపాక్సీ నమ్మకంగా అతకదు. ఎపాక్సీ జెల్‌కోట్ గానీ, లేదా మోల్డ్ నుంచి తీశాక ప్రైమరూ పెయింటూ గానీ. ఐఎన్2 ఎండకి పసుపెక్కుతుంది, ఇది అన్ని ఎపాక్సీల స్వభావం. యూవీ తట్టుకునే క్లియర్ కోటు తప్పదు. అలాగే చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌ని (తరిగిన గ్లాస్ పోగుల చాప) దీనితో వాడకండి. ఆ మ్యాట్‌ని పట్టి ఉంచే బైండర్ పాలిస్టర్‌లోని స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. అల్యూమినియం ఫిట్టింగులు కార్బన్‌కి నేరుగా తగలకుండా మధ్యలో ఒక గ్లాస్ పొర వేయాలి, లేకపోతే ఉప్పు నీటిలో కార్బన్ అల్యూమినియాన్ని తినేస్తుంది.

మరి వేరేవి? అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, బే సిటీలో గూజన్ బ్రదర్స్ చేసే ప్రో-సెట్ ఐఎన్‌ఎఫ్-114కి వేర్వేరు వేగాల హార్డెనర్లు ఉన్నాయి, అందులో చాలా నెమ్మదివి కూడా. ఘనపరిమాణంలో మూడుకి ఒకటి కాబట్టి కొలవడమూ తేలిక. అమెరికాలో ఉన్నవాళ్లు ఐఎన్2 కోసం సముద్రం దాటించక్కర్లేదు. గురిట్ ప్రైమ్ వరసలోని రెసిన్‌లకి ఎక్స్‌ట్రా స్లో హార్డెనర్ ఉంది. ఎనిమిది మీటర్లు దాటిన హల్ ఒకే షాట్‌లో పోయాలంటే నా ఓటు దానికే. హంట్స్‌మన్ అరాల్డైట్ ఎల్‌వై 1564 రెసిన్‌కి అరాడూర్ 3486 హార్డెనర్ బరువులో 100కి 34, పని సమయం ఐఎన్2 స్లో కన్నా చాలా ఎక్కువ. వేసవి తీరంలో అదే సుఖం, అయితే పోస్ట్ క్యూర్ లేకుండా దాని మీద ఆధారపడకూడదు.

వినైల్ ఎస్టర్‌ని కూడా తీసిపారేయలేం. మినీ 6.50 అనే చిన్న రేసింగ్ పడవల తరగతిలో సిరీస్ (ఒకే నమూనాలో వరసగా కట్టే) పడవల హల్‌కి కార్బన్ నిషేధం, అలాంటి గ్లాస్ ఫైబర్ పడవ కడుతుంటే ఎపాక్సీ ఖర్చుకి తగ్గ లాభం తక్కువ. వినైల్ ఎస్టర్ చవక, కేటలిస్ట్‌తో వేగం సర్దుకోవచ్చు. కానీ స్టైరీన్ వాసన ఇళ్ల మధ్య షెడ్డులో భరించలేం, మరీ లోతైన వ్యాక్యూమ్‌లో స్టైరీనే ఆవిరై బుడగలవుతుంది, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం కూడా ఎక్కువ.

కొనుగోలు విషయం. ఇంగ్లండ్‌లో, యూరప్‌లో ఉన్న మనవాళ్లకి ఐఎన్2 తెప్పించుకోవడం సులువు. ఇండియాకైతే లెక్క వేరు. అమైన్ హార్డెనర్లు చర్మాన్ని కాల్చే ప్రమాదకర సరుకుగా లెక్కలోకి వస్తాయి, విమానంలో పంపిస్తే ఛార్జీ రెసిన్ ధరని మించిపోవచ్చు. ఒక్క హల్ కోసం 18 కిలోలు అలా తెప్పించుకోవడం తెలివైన పని కాదు. ఇక్కడే దొరికే ఇన్‌ఫ్యూజన్ గ్రేడ్ ఎపాక్సీని డేటా షీట్ అడిగి తీసుకోండి. అందులో కలిపిన చిక్కదనం 25 డిగ్రీల దగ్గర 400 లోపు, 100 గ్రాముల పాట్ లైఫ్ కనీసం 90 నిమిషాలు, పోస్ట్ క్యూర్ తర్వాత టీజీ (ఎపాక్సీ మెత్తబడే వేడి) 80 డిగ్రీలు దాటి ఉంటే అడుగు ముక్క పోసి చూడండి. చిక్కదనం ఒక్క రెసిన్‌దా, కలిపినదా అన్నది తప్పకుండా అడగాలి. అమ్మేవాళ్లు రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడం మామూలే.

చేతులకి నైట్రైల్ గ్లోవ్స్, లోపల పత్తివి కాదు, రెండు జతలు. హార్డెనర్ చర్మానికి పదే పదే తగిలితే ఒకరోజు దురద మొదలవుతుంది, ఆ తర్వాత ఏ ఎపాక్సీ దగ్గరికీ వెళ్లలేరు. మిగిలిన రెసిన్ డబ్బా చలికాలంలో లోపల తెల్లగా పలుకులు కట్టినట్టు కనిపిస్తే పాడైందనుకుని పారేయవద్దు. 50 డిగ్రీల నీటిలో పెట్టి పూర్తిగా కరిగేదాకా ఉంచి, చల్లారాక వాడుకోవచ్చు. హార్డెనర్ మాత్రం మూత వదులుగా ఉంటే గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చి పాడవుతుంది. మూత అంచున తెల్లటి పొర కట్టిన సీసాని హల్‌కి వాడొద్దు, టేబుల్ మీద చిన్న అతుకులకి పెట్టుకోండి.